పాత పీఎస్‌పీకి చార్జింగ్ ఎందుకు నిలవదు?

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. చేతిసంచుల్లో పాత గేమింగ్ మెషిన్లు కూడా పట్టుకొచ్చినట్టున్నారు, ఇంకా సంతోషం. ఒక్క మాట మాత్రం. వాటిని ఇప్పుడే చార్జింగ్‌కి పెట్టకండి. గోడకి ప్లగ్గులు ఉన్నాయి కదా అని ఎవరైనా పెట్టి ఉంటే దయచేసి తీసేయండి. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

నా చేతిలో ఉన్నది సోనీ వాళ్ల పీఎస్‌పీ, అంటే ప్లేస్టేషన్ పోర్టబుల్, చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ మెషిన్. ఇది మొదటి మోడల్. జపాన్‌లో 2004 డిసెంబర్ 12న అమ్మకానికి వచ్చింది. 2005లో అమెరికా, యూరప్‌లకు వెళ్లింది. మన తెలుగు ఇళ్లల్లో చాలామందికి ఇది షాపులో కొన్న వస్తువు కాదు. అమెరికా నుంచి వచ్చిన బాబాయో, మేనమామో సూట్‌కేసులోంచి తీసిచ్చిన వస్తువు. 2014తో దీని కథ ముగిసింది, ఆ తర్వాత కొత్తవి రాలేదు. అంటే పీఎస్‌పీల్లో అన్నిటికన్నా చివర్లో వచ్చినదానికి కూడా ఇప్పుడు పదేళ్లు దాటాయి.

వీటిని నా దగ్గరికి తెచ్చేవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే. "సార్, ఫుల్ చార్జింగ్ పెట్టినా అరగంట రావట్లేదు. మెషిన్ పోయినట్టుంది, పారేద్దామనుకుంటున్నాం." మెషిన్ పోలేదండీ. స్క్రీన్ బాగుంది, బటన్లు బాగున్నాయి, డిస్కు తిరుగుతోంది. పోయింది బ్యాటరీ ఒక్కటే. మెషిన్ ఆయుష్షు వేరు, బ్యాటరీ ఆయుష్షు వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్ల ఎన్ని మంచి మెషిన్లు చెత్తలోకి వెళ్లిపోతున్నాయో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ సాయంత్రం ఇంతసేపు మాట్లాడటానికి ఒప్పుకున్నది అందుకే.

కొత్తలో లెక్క ఎలా ఉండేదో చూద్దాం. ఈ బ్యాటరీ 3.6 వోల్టులు, 1800 మిల్లీ ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే దాదాపు ఆరున్నర వాట్ అవర్లు, అంటే నిండుగా ఉన్నప్పుడు అందులో ఉండే మొత్తం శక్తి. సోనీ చెప్పిన ప్రకారం ఆటకి 4 నుంచి 6 గంటలు రావాలి. సగటున 5 గంటలు అనుకుంటే మెషిన్ గంటకి ఒకటిన్నర వాట్ అవర్ల లోపే తింటోంది. అంత పెద్ద స్క్రీన్, లోపల గిరగిరా తిరిగే డిస్కు, 333 మెగాహెర్ట్జ్ దాకా పరిగెత్తగల ప్రాసెసర్, అన్నీ కలిపి అంతే. ఆ ప్రాసెసర్‌ని కూడా మొదట్లో ఆటల కోసం 222 దగ్గరే కట్టి ఉంచారు, 2007లో గానీ పూర్తి వేగం వదల్లేదు. 2007లోనే వచ్చిన సన్నటి రెండో మోడల్‌లో బ్యాటరీని 1200కి తగ్గించారు. అయినా ఆట టైము పెద్దగా తగ్గలేదు, ఎందుకంటే మెషిన్ తినడం తగ్గింది. బ్యాటరీ మీద రాసిన అంకె ఒక్కటే చూస్తే సగం సంగతే తెలుస్తుందని చెప్పడానికే ఇదంతా.

ఇక లోపలికి వెళ్దాం. లిథియం అయాన్ సెల్లులో ఒక పక్క లిథియం కోబాల్ట్ ఆక్సైడ్, ఇంకో పక్క గ్రాఫైట్, మధ్యలో తేలిగ్గా నిప్పంటుకునే ద్రావకం. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. ఆడుతున్నప్పుడు వెనక్కి వచ్చేస్తాయి. రాకపోకలు తప్ప ఏదీ ఖర్చవకూడదు. కాగితం మీద ఇది ఎప్పటికీ పనిచెయ్యాలి.

ఎందుకు చెయ్యదంటే, గ్రాఫైట్ పక్కన ఆ ద్రావకం కొంచెం కొంచెంగా విరిగిపోతూ ఉంటుంది. విరిగినదంతా గ్రాఫైట్ మీద పొర కడుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నెకి లోపల తెల్లగా కట్టుకుంటూ పోతుందే, అలాగ. మొదటి పొర మంచిదే, అది లేకపోతే సెల్లు ఒక్క రోజు కూడా నిలవదు. కానీ పొర అక్కడితో ఆగదు. పెరిగిన ప్రతిసారీ కొంత లిథియంని తనలో కట్టేసుకుంటుంది. ఆ లిథియం ఇక అటూ ఇటూ తిరగదు. మీ 1800 కాస్తా 1500 అవుతుంది, 1200 అవుతుంది. ఇది ఒక నష్టం. పొర మందమయ్యే కొద్దీ అయాన్లు దాటడం కష్టమై లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, పెరుగుతుంది. ఇది రెండోది, మనల్ని ఎక్కువ విసిగించేది.

ఎలా విసిగిస్తుందో చెప్తాను. మీరు ఆడుతుంటారు. బ్యాటరీ బొమ్మ సగం చూపిస్తుంటుంది. కొత్త లెవెల్ మొదలవుతుంది, డిస్కు గిర్రున లేస్తుంది, ప్రాసెసర్ ఊపందుకుంటుంది, ఒక్కసారిగా కరెంటు ఎక్కువ కావాల్సి వస్తుంది. రెసిస్టెన్స్ పెరిగిన సెల్లు మీద ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి ఒక్కసారి కిందికి జారుతుంది. హద్దు దాటి జారగానే మెషిన్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మీకేమో సగం చార్జింగ్ ఉండగానే చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత మళ్లీ ఆన్ చేస్తే వస్తుంది, రెండు నిమిషాలు ఉంటుంది. చాలామంది దీన్ని బోర్డు కంప్లయింట్ అనుకుని బోర్డు రిపేరుకి డబ్బు పోస్తారు. ముందు బ్యాటరీ తీసేసి, అడాప్టర్ మీద నేరుగా ఆడించి చూడండి. పీఎస్‌పీ బ్యాటరీ లేకుండా అడాప్టర్‌తోనే నడుస్తుంది. అలా గంటసేపు బాగా ఆడిందంటే బోర్డుకి ఏమీ కాలేదు. ఈ ఒక్క పరీక్షకి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మనవాళ్లలో ఎక్కువమంది అనుకునేది, వాడితేనే బ్యాటరీ అరుగుతుందని. "మా వాడు ఇంజనీరింగ్‌లో చేరినప్పటినుంచి ముట్టుకోలేదండీ, బీరువాలో కొత్తదానిలాగే ఉంది" అంటారు. బీరువాలో ఉన్నా పొర పెరుగుతూనే ఉంటుంది. ఎంత వేగంగా అన్నది రెండింటి మీద ఉంటుంది. ఒకటి వేడి, రెండోది ఎంత చార్జింగ్‌తో పక్కన పెట్టారన్నది. బ్యాటరీ రంగంలో తరచూ చెప్పే ఒక అంచనా ఉంది. 25 డిగ్రీల గదిలో 40 శాతం చార్జింగ్‌తో ఏడాది ఉంచితే 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే గదిలో 100 శాతం చార్జింగ్‌తో ఉంచితే 80 మిగులుతుంది. వేడి 40 డిగ్రీలకి పెరిగితే 96 ఉండాల్సింది 85కి, 80 ఉండాల్సింది 65కి పడిపోతుంది. 40 డిగ్రీలంటే మనకి కొత్తేం కాదు కదా. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో డాబా మీది గదిలో, ఇనప బీరువాలో, ఫుల్ చార్జింగ్‌తో పెట్టిన బ్యాటరీ పరిస్థితి ఏమిటో మీరే ఊహించండి. జపాన్‌లోనో ఇంగ్లండ్‌లోనో ఇరవై ఏళ్లుగా బాగున్న బ్యాటరీల గురించి చదివి, మనవి ఎందుకిలా అయ్యాయని అడుగుతుంటారు. ఎండ ఒక కారణం. కారు డాష్‌బోర్డు మీద పెట్టి వదిలేయడం ఇంకో కారణం.

పూర్తిగా ఖాళీ చేసి పెట్టినా మంచిది కాదు. సెల్లు తనంతట తానే కొద్దికొద్దిగా దిగుతుంది. లోపల ఉన్న చిన్న రక్షణ సర్క్యూట్ కూడా కొంత తింటుంది. బాగా అడుగుకి పోతే గ్రాఫైట్ వెనక ఉన్న రాగి రేకు కరగడం మొదలవుతుంది. ఆ రాగి తర్వాత చార్జింగ్ పెట్టినప్పుడు ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ చేయగలదు. నింటెండో వాళ్లు తమ స్విచ్ అనే గేమింగ్ మెషిన్‌ని వాడకపోయినా ఆరు నెలలకి ఒకసారి చార్జింగ్ పెట్టమని చెప్పేది ఇందుకే. ఆ సలహా అన్ని లిథియం మెషిన్లకీ పనికొస్తుంది. సగం చార్జింగ్, చల్లటి చోటు, ఆరు నెలలకోసారి చూసుకోవడం. ఇంతకన్నా పెద్ద రహస్యం ఏమీ లేదు.

పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నుంచి వచ్చిన అలవాటు ఒకటుంది. పూర్తిగా దింపి, పూర్తిగా ఎక్కించాలని. లిథియంకి అది అక్కర్లేదు, నష్టం కూడా.

(శ్రోతల్లోంచి ఒకరు: "సార్, ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ బాగుపడుతుందంటున్నారు కదా?")

బాగుపడదు బాబూ. చలికి అరుగుదల నెమ్మదిస్తుంది, ఆ మాట నిజం. అరిగింది మాత్రం తిరిగి రాదు, పొరలో చిక్కుకున్న లిథియంని ఫ్రిజ్ విడిపించలేదు. పైగా బయటికి తియ్యగానే మన గాలిలోని తేమ దాని మీద నీళ్లలా పడుతుంది. వద్దు.

(ఇంకొకరు: "మా అబ్బాయి ఎప్పుడూ వైరు పెట్టుకునే ఆడతాడండీ. మంచిదేనా?")

మంచి ప్రశ్న అమ్మా. బ్యాటరీ లోపల ఉంచి వైరు పెట్టి ఆడితే రెండు కీడులూ కలిసొస్తాయి. ఆట వేడి, చార్జింగ్ వేడి, ఆపైన ఎప్పుడూ నిండుగా ఉండటం. ఇంట్లో కూర్చుని ఆడేటప్పుడు బ్యాటరీ తీసేసి ఆడుకోమనండి. కరెంటు పోతే సేవ్ చెయ్యని ఆట పోతుంది, అది ఒక్కటే గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు చార్జింగ్ ఎందుకు పెట్టొద్దన్నానో చెప్తాను. ద్రావకం విరిగినప్పుడు పొర మాత్రమే కాదు, గ్యాస్ కూడా పుడుతుంది. కార్బన్ డై ఆక్సైడ్, ఇథిలీన్ లాంటివి. సెల్లు మూసేసిన డబ్బా కాబట్టి అది బయటికి పోలేదు. డబ్బా ఉబ్బుతుంది. పీఎస్‌పీ బ్యాటరీల్లో ఇది చాలా మామూలు. ఇదిగో, ఇటు చూడండి, ఈ రెండూ. ఇది బాగున్నది. గాజు పలక మీద పెడితే అంచులన్నీ పలకకి ఆనుకుంటాయి, గోరు కూడా దూరదు. ఇప్పుడు ఇది చూడండి. నాలుగు మూలలూ లేచిపోయాయి, నడుము ఒక్కటే ఆనింది. వేలితో మూల మీద తాకితే తిరుగుతోంది చూశారా? స్టిక్కర్ మధ్యలో బిగుసుకుని నిగనిగలాడుతోంది, ప్లాస్టిక్ అతుకు విడిపోయి లోపలి వెండి రంగు కనిపిస్తోంది. దీన్ని మెషిన్‌లోంచి తియ్యడానికి ముందు వెనక మూత సరిగ్గా పడట్లేదని, పడినా పట్టుకుంటే కిర్రుమంటోందని తెచ్చారు. మూత ఎత్తుగా ఉందంటే, మూత తనంతట తానే ఊడుతోందంటే, మొదట చూడాల్సింది ఇదే.

ఇలాంటిదాన్ని చార్జింగ్ పెట్టకూడదు. చేత్తో నొక్కి సమం చెయ్యకూడదు. గాలి పోతుందని పిన్నుతో పొడిస్తే మంటే. లోపలి ద్రావకంలో కలిసిన ఉప్పులో ఫ్లోరిన్ ఉంటుంది, తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది, అది ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. తియ్యటి ద్రావకం వాసన వస్తోందంటే అప్పటికే ఎక్కడో కారుతోందని అర్థం. బయట పెట్టి దూరంగా ఉండండి. కొన్ని షాపుల్లో చచ్చిన సెల్లుకి బయటి సప్లై వైర్లు నేరుగా తగిలించి లేపుతారు. నారింజ లైటు వెలుగుతుంది, అందరికీ సంతోషం. రాగి కరిగిన సెల్లుని అలా లేపి ఇంటికి పంపడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. పిల్లల చేతుల్లో ఉండే వస్తువు ఇది.

మార్చేద్దాం అనుకున్నారు, మంచిదే. ఏది కొనాలి? ఇక్కడ రెండు బోల్తాలున్నాయి. మొదటిది 3600 అని రాసి అమ్మే బ్యాటరీ. ఒరిజినల్ మీద పీఎస్‌పీ-110, 1800 అని ఉంటుంది. అదే కొలత, అదే మందం, అంకె మాత్రం రెట్టింపు. ఆ కాస్త చోటులో అంత పట్టించే రసాయనం లేదండీ. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటుంది. మీటరు పెట్టి దింపి చూస్తే 1800 కాదు కదా, చాలాసార్లు వెయ్యి కూడా రాదు. నిజమైన సామర్థ్యం రాసి అమ్మేవాళ్ల దగ్గర, ఈమధ్య తయారైన తేదీ చూసి కొనండి.

రెండో బోల్తా ఇంకా తెలివైనది, చదువుకున్నవాళ్లే ఎక్కువ పడతారు. "సీల్ తియ్యని ఒరిజినల్" అని ఎక్కువ ధర పెడతారు. 2008లో సీలు వేసిన బ్యాటరీ, సీల్ ఉన్నా 2008 బ్యాటరీయే. డబ్బాలో కూర్చుని వయసు మీద పడింది. ఎన్నో ఏళ్లుగా చార్జింగ్ చూడలేదు కూడా. సేకరించుకుని అలమరలో పెట్టుకునేవాళ్లకి ఓకే. ఆడుకునేవాళ్లకి వద్దు.

సన్నటి మోడల్‌కి ఎస్110 అనే వేరే బ్యాటరీ, మందంలో తేడా ఉంటుంది. మీ మెషిన్ ఏదో చూసుకుని కొనండి. విదేశాల నుంచి ఎవరైనా తెస్తుంటే విడి బ్యాటరీని చేతి సంచిలోనే పెట్టుకోమనండి. విమానం సామాను గదిలోకి వెళ్లే పెట్టెలో విడి లిథియం బ్యాటరీ పెట్టనివ్వరు.

మార్చాక ఎంత బ్యాకప్ ఇస్తోందో కొలుచుకోండి. అదే ఆట, అదే వెలుతురు, వైఫై స్విచ్ ఆఫ్, నిండు చార్జింగ్ నుంచి ఆగేదాకా. టైము ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి. ఏడాది తర్వాత మళ్లీ కొలవండి. అరుగుదల అంటే ఏమిటో ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పదు. కాంటాక్టులు నల్లబడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది పుల్లతో తుడవండి. ఒక్కోసారి సగం రోగం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఈ మూత సంగతి. చూడండి, బొటనవేలితో ఇలా జరిపాను, వచ్చేసింది. స్క్రూ లేదు, జిగురు లేదు. లిథియం అయాన్ బ్యాటరీని ప్రపంచంలో మొదట 1991లో మార్కెట్‌లోకి తెచ్చింది సోనీయే. ఆ సెల్లుకి పునాదులు వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. బ్యాటరీ ఎలా ముసలిదవుతుందో అప్పటికే బాగా తెలిసిన కంపెనీ, 2004లో ఒక ఆటవస్తువు చేసినప్పుడు, ఇది అరుగుతుంది, మార్చుకుంటారు అని ఎరిగి ఈ మూత పెట్టింది. ఆ డిజైన్ చేసినవాళ్లకి నేను మనసారా దండం పెడతాను. ఈ గదిలో ఇన్ని పీఎస్‌పీలు ఇవాళ్టికీ ఆడగలుగుతున్నాయంటే ఈ మూతే కారణం.

అదే సోనీ 2009లో పీఎస్‌పీ గో తెచ్చినప్పుడు బ్యాటరీని లోపలికి తోసేసింది, మూత లేదు. పీఎస్ వీటా కూడా అంతే. నింటెండో చరిత్ర కూడా ఇలాగే నడిచింది. 1989 గేమ్ బాయ్‌కి నాలుగు మామూలు పెన్సిల్ సెల్లులు, ఇవాళ కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి. 2003 గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీకి లిథియం, ఒక్క స్క్రూ విప్పితే చేతికి వస్తుంది. 2017 స్విచ్‌కి మూడు రెక్కల గాడి ఉన్న స్క్రూలు, లోపల బ్యాటరీ జిగురుతో అంటించి ఉంటుంది. సన్నగా, గట్టిగా చెయ్యడానికి అలా చేశామంటారు. ఆ అవసరం నాకు అర్థమవుతుంది. కానీ పదేళ్ల తర్వాత ఆ స్విచ్ ఎవరింట్లో ఉందో ఆ ఇంటివాళ్ల గురించి ఆలోచించినట్టు కనిపించదు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని, కొన్ని మినహాయింపులతో, వాడేవాళ్లే మామూలు పనిముట్లతో మార్చుకోగలగాలి. అలాంటి నిబంధన మనకీ కావాలి. గట్టిగా అడగాలి.

ఒక భయం చాలామంది పిల్లల్లో చూశాను, తీర్చేస్తాను. బ్యాటరీ తీస్తే సేవ్ చేసిన ఆటలు పోతాయని. పీఎస్‌పీలో పోవు. అవి మెమరీ స్టిక్ అనే చిన్న కార్డులో ఉంటాయి, దానికి కరెంటు అక్కర్లేదు. తారీఖు, గడియారం మాత్రం మళ్లీ పెట్టుకోవాలి. పాత గేమ్ బాయ్ పోకిమాన్ క్యాట్రిడ్జ్‌ల సంగతి వేరు. వాటి లోపల సేవ్ నిలబెట్టడానికే ఒక బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది దిగిపోతే చిన్నప్పుడు పెంచుకున్నవన్నీ చెరిగిపోతాయి. అవి ఉన్నవాళ్లు నాతో విడిగా మాట్లాడండి. ఆలస్యం చెయ్యకండి, సేవ్‌ని ముందు కంప్యూటర్‌లోకి తీసుకుని, ఆ తర్వాత బ్యాటరీ మార్చొచ్చు.

చివరిగా, తీసేసిన బ్యాటరీ. చెత్త బండిలో వెయ్యకండి. బండిలో చెత్తని నొక్కేటప్పుడు అది చితికితే బండి అంటుకుంటుంది, మన వీధి శుభ్రం చేసేవాళ్ల ప్రాణాలతో చెలగాటం అది. మన దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. కాంటాక్టుల మీద టేపు అంటించి, విడిగా పెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఉబ్బినవైతే ఇదిగో, ఇసక పోసిన ఈ ఇనప డబ్బా ఇవాళ వాటికోసమే తెచ్చాను.

ఇక మెషిన్లు తెచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఈ బల్ల దగ్గరికి రండి. మీ మూతలు మీరే జరపండి, నేను పక్కనే ఉంటాను. ఉబ్బినవి ఏవో, బాగున్నవి ఏవో ముందు వేరు చేద్దాం. గాజు పలక ఇక్కడే ఉంది.